అంకెలు ఇరవై, సంఖ్య ఒకటి

మూడేళ్ళ కిందట ఒక రాత్రి, సర్జాపూర్ రోడ్డులో ఉన్న మా గోడౌనులో కొత్తిమీర కట్టలు 18446744073709551615 ఉన్నట్టు తేలింది.

అప్పట్లో నేను సరుకులూ కూరగాయలూ ఇంటికి తెచ్చిచ్చే ఒక చిన్న యాప్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. రాత్రి పదకొండున్నరకి మా టీములో నరసరావుపేట కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, కొత్తిమీర స్టాకు చూశావా? బెంగళూరు మొత్తం కప్పెయ్యొచ్చు." ల్యాప్‌టాప్ తెరిచాను. డాష్‌బోర్డులో 18446744073709552000 అని ఉంది. ఆ చివరి మూడు సున్నాలూ బ్రౌజరు చలవ. అంత పొడుగు సంఖ్యను అది చివరికంటా గుర్తుపెట్టుకోలేదు, దగ్గర్లో ఉన్నదేదో చూపించేసి ఊరుకుంటుంది. సర్వర్ లాగు (జరిగినవన్నీ అది రాసిపెట్టుకునే ఫైలు) తెరిస్తే అసలుది కనబడింది, 615తో ముగిసేది.

జరిగింది చిన్న విషయమే. మిగిలింది ఒక్క కట్ట. ఇద్దరు ఒకే క్షణంలో కొన్నారు. మొదటివాడు కొన్నప్పుడు ఒకటిలోంచి ఒకటి పోయి సున్నా అయింది. రెండోవాడు కొన్నప్పుడు సున్నాలోంచి ఒకటి పోయింది. మైనస్ ఒకటి రావాలి. కానీ ఆ లెక్క దాచిన చోట మైనస్ గుర్తుకి చోటే లేదు. స్టాకు మైనస్‌లో ఎలా ఉంటుంది అని ఎవరో తెలివిగా ఆలోచించి అలా పెట్టారు (ఆ ఎవరో నేనే). పాత స్కూటర్ మీటరు అన్నీ సున్నాలున్నప్పుడు ఒక్క గడి వెనక్కి తిప్పితే 99999 పడుతుంది చూడండి, అలాగే 64 బిట్లూ (సంఖ్యను దాచే గళ్ళు, ఒక్కోదాంట్లో సున్నా గానీ ఒకటి గానీ ఉంటుంది) ఒకేసారి ఒకట్లయిపోయాయి. 64 ఒకట్లు పక్కపక్కన నిలబడితే, మనం రోజూ రాసుకునే పద్ధతిలో అది ఈ ఇరవై అంకెల సంఖ్య.

సరిచెయ్యడానికి ఇరవై నిమిషాలు పట్టింది. కానీ నిద్ర పట్టలేదు. టెన్షన్ వల్ల కాదు. ఈ సంఖ్యను నేను అంతకుముందు ఎక్కడో చూశాను.

ఎక్కడో కాదు, మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో. ఆ ఏడాది ఉగాదికి నాన్న పెట్టిన ఫార్వర్డ్ అది. పైన ఒక పద్యం, కింద ఒక పొడుగాటి సంఖ్య, ఆ కింద "వెయ్యేళ్ళ కిందటే మన తెలుగువాడు కంప్యూటర్ సంఖ్య చెప్పాడు, గర్వంగా షేర్ చెయ్యండి" అని. నూట నలభై మంది ఉన్న గ్రూపులో ముప్ఫై దండాలు పడ్డాయి. నేనూ ఒక దండం పెట్టి కాఫీ తాగడానికి పోయాను. పద్యం చదవలేదు.

ఆ రాత్రి చదివాను. పావులూరి మల్లనది. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన కవి. రాజరాజ నరేంద్రుడి కాలం వాడని కొందరు, ఇంకొంచెం తర్వాతవాడని కొందరు అంటారు. పావులూరు మావైపుదే కాబట్టి మావాడేనని నాన్న పట్టు. అసలు మహావీరుడు రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలం వాడు. ఆ రాజధాని మాన్యఖేటం ఇప్పటి కలబురగి జిల్లాలోని మళఖేడ. అంటే లెక్క కర్ణాటక నుంచి మనకొచ్చింది. ఈ మాట మా ఆఫీసులో హుబ్బళ్ళి స్నేహితుడికి చెప్తే ఒక వారం రోజులు కాలరెగరేసి తిరిగాడు.

చదరంగం పలకలో మొదటి గడిలో ఒక గింజ, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో నాలుగు, అలా రెట్టింపు చేసుకుంటూ 64 గళ్ళూ నింపితే మొత్తం ఎన్ని గింజలు అన్నది ప్రశ్న. మల్లన జవాబు ఇలా మొదలవుతుంది:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

ప్రతి మాటా ఒక అంకె. శర అంటే మన్మథుడి బాణాలు, అయిదు. శశి ఒకటి. షట్కం ఆరు. చంద్రుడు మళ్ళీ ఒకటి. రంధ్రాలు తొమ్మిది. వియత్తు ఆకాశం, సున్నా. నగం కొండ, ఏడు. అగ్నులు మూడు. అబ్ధి సముద్రం, నాలుగు. తర్కాలు ఆరు. పద్మజాస్యం అంటే బ్రహ్మ ముఖాలు, నాలుగు. కుంజరాలు దిక్కుల్ని మోసే ఏనుగులు, ఎనిమిది. తుహినాంశుడు చంద్రుడే, ఒకటి. అంకెలు కుడి నుంచి ఎడమకి నడుస్తాయన్నది పాత నియమం కాబట్టి మొదటి 'శర' ఒకట్ల స్థానం, చివరి 'తుహినాంశు' అన్నిటికన్నా పై స్థానం. వరసగా రాసుకుంటే 18446744073709551615.

మంచం మీద కూచుని లాగులోని సంఖ్యతో అంకె అంకె పోల్చుకున్నాను. ఇరవైకి ఇరవై సరిపోయాయి.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇది మామూలు పనితనం కాదు. పద్యం రాసేవాడు మాటలు అటూ ఇటూ జరుపుకుంటాడు. మల్లనకి ఆ వీల్లేదు, అంకెల వరస అంకెల వరసే. చేతిలో ఉన్నవి పర్యాయపదాలు మాత్రమే. చివరి అంకె అయిదు కాబట్టి పద్యం అయిదుతో మొదలవ్వాలి. 'శర' అన్నాడు, దాంతో ప్రాసాక్షరం 'ర' అయి కూచుంది. రెండో పాదం రెండో అక్షరం 'ర' రావాలి కాబట్టి ఏడుకి 'భూధర' తెచ్చి, నడుమకి విరిచి 'భూ' మొదటి పాదంలో, 'ధర' రెండో పాదంలో పెట్టాడు. ఎనిమిదికి 'కుంజర' తెచ్చి దాన్నీ అలాగే విరిచాడు. చంపకమాలలో పదకొండో అక్షరం యతిస్థానం. అక్కడ గురువు పడాలి, పాదం మొదట్లోని 'శ'తో చెల్లే అక్షరమూ కావాలి. సరిగ్గా అక్కడికి వచ్చిన అంకె మళ్ళీ అయిదు. ఇంకో 'శర' వేస్తే గురువు పడదు. 'సాయక' అన్నాడు, రెండూ తీరిపోయాయి. నాలుగు నాలుగుసార్లు వస్తుంది, నాలుగుసార్లూ నాలుగు వేరే మాటలు. కొండ మూడు పేర్లతో వస్తుంది, చంద్రుడు మూడు పేర్లతో వస్తాడు. (రెండు అసలు రాదు. రెండు తప్ప ఇంకేమీ లేకుండా పుట్టిన సంఖ్యలో రెండు అన్న అంకె లేదు. దీనికి అర్థమేమీ లేదు, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.)

ఇంత చేసిన మనిషికి మనం ఫార్వర్డులో చేసిందేమిటి? పద్యం కింద అచ్చువేసిన సంఖ్య తప్పు. 18446744073709515615 అని ఉంది. ఒక అయిదూ ఒకటీ చోట్లు మార్చుకున్నాయి. ముప్ఫై దండాల్లో ఒక్కటీ దాన్ని పట్టుకోలేదు, నాదీ పట్టుకోలేదు.

నా చేతిలో లాగు ఉంది కాబట్టి తెలిసింది. లేకపోతే ఎలా తెలుస్తుంది? ఫోన్‌లో కాలిక్యులేటర్ 1.8446744 అని మొదలెట్టి వెనక ఒక ఇంగ్లీషు అక్షరం తగిలించి వదిలేస్తుంది. ఎక్సెల్ పదిహేను అంకెల తర్వాత సున్నాలు పోస్తుంది. కానీ కాగితమూ పెన్సిలూ చాలు. అసలు సంఖ్య 3తో నిశ్శేషంగా పోవాలి, 5తో పోవాలి, 17తో పోవాలి. ఎందుకో కింద చెప్తాను. ఫార్వర్డు సంఖ్య 3తో పోతుంది, 5తో కూడా పోతుంది, దొంగ దాకా వచ్చి తప్పించుకున్నట్టు. 17తో భాగిస్తే శేషం 6. దొరికిపోయింది. పక్కపక్కన ఉన్న రెండు వేర్వేరు అంకెలు ఎక్కడ తారుమారైనా 17 పట్టుకుంటుంది, అలాంటి తప్పు వల్ల వచ్చే తేడా ఎప్పుడూ 17కి లొంగదు కాబట్టి.

నా వాదన ఇక్కడే ఉంది. మన భాషలో అంకె వేరు, సంఖ్య వేరు. అంకె రాత, సంఖ్య అసలు మనిషి. మాటలు రెండున్నా మనవాళ్ళ ఇష్టం మాత్రం ఎప్పుడూ మొదటిదాని మీదే. ర్యాంకు, ప్యాకేజీ, చదరపుటడుగులు, బండి నంబరు. మారతహళ్ళిలో ఏ ఆంధ్రా మెస్సులో కూచున్నా పక్క బల్ల మీద వినపడేవి అంకెలే. ఆ అంకెల వెనక సంఖ్య ఎలాంటిది, దేనితో పుట్టింది, దేనికి లొంగుతుంది, దేనికి లొంగదు అని అడిగేవాళ్ళు లేరు. మల్లన పద్యం మీద మన గర్వం కూడా అలాంటిదే. ఇరవై అంకెల్ని చూసి దండం పెట్టాం. దాంతో పరిచయం పెట్టుకోలేదు.

'కంప్యూటర్ సంఖ్య ముందే చెప్పాడు' అన్న మాట కూడా మల్లనకి మర్యాద కాదు. ఆయన చదరంగం లెక్క కట్టాడు, సరిగ్గా కట్టాడు. ఇదే సంఖ్యను 1000వ సంవత్సరం ప్రాంతంలో మధ్య ఆసియా పండితుడు అల్ బిరూనీ కూడా కట్టాడు. రెట్టింపు ఎక్కడైనా రెట్టింపే. గింజ 25 మిల్లీగ్రాముల చొప్పున వేసుకుంటే ఆ బియ్యం సుమారు 46 వేల కోట్ల టన్నులు. ఇప్పుడు ప్రపంచమంతా కలిసి పండించినా ఎన్నో వందల ఏళ్ళు పడుతుంది. ఈ సంగతి ప్రతివాడూ చెప్తాడు కాబట్టి వదిలేస్తున్నాను. నాకు గింజల బరువు కన్నా ఆ సంఖ్య కడుపులో ఏముందో ముఖ్యం.

ఒకటీ రెండూ నాలుగూ అంటూ కూడుకుంటూ పోతే మొత్తం ఎప్పుడూ తర్వాతి గడికి ఒకటి తక్కువ. 1+2+4 ఏడు, తర్వాతి గడి ఎనిమిది. కాబట్టి 64 గళ్ళ మొత్తం, 65వ గడి ఉంటే అందులో పడే గింజలకన్నా ఒకటి తక్కువ. అది కట్టడానికి 64 సార్లు రెట్టింపు చెయ్యక్కర్లేదు. రెండుని రెండుతో గుణిస్తే 4. నాలుగుని నాలుగుతో, 16. దాన్ని దానితో, 256. మళ్ళీ, 65536. మళ్ళీ, 4294967296. ఇంకోసారి, 18446744073709551616. ఆరే గుణకారాలు. నేను మెస్సు బిల్లు వెనకాల చేసి చూశాను. చివరిదానికి మాత్రం రెండు బిల్లులు పట్టాయి.

ఇప్పుడు ఒకటి తీసెయ్యాలి. బడిలో అందరం బట్టీ పట్టిన సూత్రమే: ఒక వర్గంలోంచి ఒకటి తీస్తే, ఆ సంఖ్యకి ఒకటి తక్కువా ఒకటి ఎక్కువా కలిపి గుణించినట్టు. మన సంఖ్య 4294967295ని 4294967297తో గుణించినది. అందులో మొదటిది కూడా వర్గంలోంచి ఒకటి తీసినదే కాబట్టి 65535, 65537. అలా మెట్లు దిగుతూ వస్తే చివరికి

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297.

ఎక్కేటప్పుడు తొక్కిన ప్రతి మెట్టుకీ ఒకటి కలిపి చూడండి. రెండుకి కలిపితే 3, నాలుగుకి కలిపితే 5, పదహారుకి 17. ఎక్కిన మెట్లే కారణాంకాలు. 17 పరీక్ష వచ్చింది ఇక్కణ్ణుంచే. ఇరవై అంకెల్ని ఎంత సేపు చూసినా ఇది కనబడదు. పుట్టుక తెలిస్తే ఒక్క నిమిషంలో కనబడుతుంది.

ఈ వరసని 1640లో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా చూశాడు. 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే. ఇలా వచ్చేవన్నీ ప్రధానాలే అయ్యుంటాయని నమ్మాడు. నిరూపించలేనని తనే ఒప్పుకున్నాడు, అయినా నమ్మకం వదల్లేదు. తొంభై ఏళ్ళపాటు ఎవరూ కాదనలేదు. 1729 చివర్లో గోల్డ్‌బాక్ అనే గణితవేత్త ఒక ఉత్తరంలో ఈ సంగతి ఎత్తి, సాటి గణితవేత్త ఆయిలర్‌ని గిల్లాడు (1729 అనగానే మనకు రామానుజన్ గుర్తొస్తాడు, ఇక్కడ అది ఉత్తరం రాసిన సంవత్సరం మాత్రమే). 1732లో, పాతికేళ్ళ వయసులో, ఆయిలర్ చెప్పాడు: 4294967297 ప్రధానం కాదు, 641 × 6700417.

641 ఎలా దొరికింది? 4294967297ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, 64తో భాగిస్తే శేషం ఒకటే రావాలని ఆయిలర్ తర్వాత నిరూపించాడు. అలాంటి ప్రధానాలు వరసగా 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నానికి తలుపు తెరుచుకుంటుంది. తొంభై ఏళ్ళు ఎవరూ అయిదు భాగహారాలు చెయ్యలేదు, ఎందుకంటే ఏ అయిదు చెయ్యాలో తెలియదు.

నాకు ఇంతకన్నా ఇష్టమైన దారి ఇంకోటుంది. భాగహారమే అక్కర్లేదు. 641 రెండు రకాలుగా విరుగుతుంది. ఒకటి, 640 + 1, అంటే 5 × 128 + 1. రెండోది, 625 + 16, అంటే అయిదుకి నాలుగో ఘాతమూ రెండుకి నాలుగో ఘాతమూ కలిపినది. 641తో భాగించి శేషాలు మాత్రమే చూసే లోకంలో 641 సున్నాతో సమానం. మొదటి ముక్క ప్రకారం అక్కడ 5 × 2⁷ అంటే మైనస్ ఒకటి. దాన్ని నాలుగుసార్లు దానితోనే గుణించండి. మైనస్ ఒకటి నాలుగుసార్లు కాబట్టి ఒకటి. అంటే 5⁴ × 2²⁸ ఒకటి. ఇప్పుడు రెండో ముక్క: ఆ లోకంలో 5⁴ అంటే మైనస్ 2⁴. దాన్ని అక్కడ పెడితే మైనస్ 2³² ఒకటి అవుతుంది. అంటే 2³² + 1 సున్నా. అయిపోయింది. 4294967297ని 641 భాగిస్తుంది.

ఇది మొదటిసారి అర్థమైనప్పుడు నేను కుందలహళ్ళి సిగ్నల్ దగ్గర ఆఫీసు బస్సులో ఉన్నాను. సిగ్నల్ నాలుగుసార్లు పడింది. చిరాకు రాలేదు.

కాబట్టి కొత్తిమీర కట్టల అసలు రూపం ఇది: 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఏడు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండుసార్లు రాదు. అందువల్ల దీన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు 128, ఒకటినీ దాన్నీ కలుపుకుని.

మా బావమరిది గత దసరాకి కారు కొన్నాడు. కేఏ 53 సిరీస్‌లో నంబరు కోసం రెండు నెలలు ఆగాడు, మొత్తం ఆరు రావాలట, ఆరు శుక్రుడట. "బావా, నీ సంఖ్య మొత్తం ఎంత?" అన్నాడు. లెక్కపెట్టాను. 87, పదిహేను, ఆరు. "చూశావా!" అన్నాడు, మెరిసిపోతూ. అదే సంఖ్యని కంప్యూటర్ రాసుకున్నట్టు రాస్తే 64 ఒకట్లు, మొత్తం 64, పది, ఒకటి. శుక్రుడు పోయి సూర్యుడొచ్చాడు. సంఖ్య మారలేదు, రాత మారింది. 17 గుణిజం కావడం మాత్రం ఎలా రాసినా మారదు. పద్యంలో రాసినా, బిట్లలో రాసినా, గింజలుగా పోసినా పదిహేడేసి కుప్పలు కడితే ఒక్క గింజ మిగలదు. రాత మారితే మారిపోయేదాన్ని సంఖ్య గుణం అనకూడదన్నాను. వాడు విన్నాడు. నంబరు మాత్రం ఆరుదే తీసుకున్నాడు.

నరసరావుపేట కుర్రాడి ప్రశ్న వేరే. "అన్నా, ఇదంతా తెలిస్తే ఉపయోగం ఏంటి?" నేను అడ్డంగా దొరికే ప్రశ్న ఇదే, ఎందుకంటే నిజాయితీగా చెప్తే ఉపయోగం కోసం నేను తెలుసుకోలేదు. కానీ వాడు ఉపయోగం అడిగాడు కాబట్టి 65537 చూపించాను. ఇంటర్నెట్‌లో రహస్యాలు దాచే ఆర్ఎస్ఏ పద్ధతిలో అందరికీ తెలిసేలా పెట్టే ఘాతంగా ఎక్కువగా వాడేది ఈ సంఖ్యనే. ఎందుకు దీన్నే? బిట్లలో రాస్తే రెండు చివర్లా రెండే ఒకట్లు, మధ్యన అన్నీ సున్నాలు. దాని ఘాతం కట్టాలంటే పదహారుసార్లు వర్గం చేసి, ఒక్కసారి గుణిస్తే చాలు. మెస్సు బిల్లు వెనకాల నేను ఎక్కిన మెట్లే. ఫెర్మా 1640లో నమ్మిన అయిదింట్లో చివరిది, వాడి ల్యాప్‌టాప్‌లో ఏదో ఒక సర్టిఫికెట్‌లో కూచుని ఉంది. వాడు బ్రౌజరులో తాళం బొమ్మ నొక్కి వెతికాడు. దొరికింది. "ఓ" అన్నాడు.

ఆ "ఓ" నాకు సంతోషం ఇచ్చిందనే చెప్పాలి, కానీ వాడికి చెప్పాలనుకున్నది అది కాదు. గాస్ అనే జర్మన్ గణితవేత్త సంగతి చెప్పాలనుకున్నాను. 1796లో, ఇంకా పంతొమ్మిది నిండకుండా, పదిహేడు భుజాల క్రమ బహుభుజిని గుర్తులు లేని స్కేలూ వృత్తలేఖినీ మాత్రమే వాడి గీయొచ్చని గాస్ కనిపెట్టాడు. బేసి భుజాలైతే, ఆ భుజాల సంఖ్య ఫెర్మా ప్రధానాల్ని (ఫెర్మా వరసలో ప్రధానాలైన 3, 5, 17, 257, 65537 లాంటివి) ఒక్కోటీ ఒక్కసారికి మించకుండా గుణించి వచ్చినదే అవ్వాలి. వేరేవి గీయలేమని 1837లో వాంట్జెల్ అనే ఫ్రెంచి గణితవేత్త తేల్చాడు. 65537 భుజాలదాన్ని గీసే పద్ధతి రాయడానికి హెర్మెస్ అనే జర్మన్ పదేళ్ళు కూచున్నాడు. 1894లో ముగించాడు, ఆ రాతప్రతి గోటింగెన్‌లో ఉంది. మనం ఏ ప్రాజెక్టులోనూ పదేళ్ళు ఉండం.

ఇప్పుడు చూడండి. 32 బిట్లూ ఒకట్లయితే వచ్చేది 4294967295, అంటే 3 × 5 × 17 × 257 × 65537. అయిదు ఫెర్మా ప్రధానాలూ ఒక్కోసారి. 4294967295 భుజాల బహుభుజిని, సూత్రప్రకారం, గీయొచ్చు. బేసి భుజాలవాటిలో గీయగలమని మనకు తెలిసిన అతిపెద్దది అదే. అదే 64 బిట్లకి వెళ్తే, మన సంఖ్యలోకి 641, 6700417 వచ్చి కూచుంటాయి. అవి ఫెర్మా ప్రధానాలు కావు. గీయలేం. సైజు పెరిగింది, ఒక గుణం పోయింది. 65537 తర్వాత ఆ వరసలో ఇంకో ప్రధానం ఇప్పటికీ దొరకలేదు. 2³² + 1 మొదలుకొని వరసగా ఇరవై ఎనిమిది సంఖ్యలు ప్రధానాలు కావని తేలిపోయింది. ఫెర్మా నమ్మకం అయిదింటికి నిజమై, ఆరోదగ్గర విరిగి, ఆ తర్వాత మళ్ళీ అతుక్కోలేదు. ఆ విరిగిన చోటు కొత్తిమీర స్టాకులో ఉంది.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఇదంతా నాన్నకి చెప్పాను. కొంచెం పైచెయ్యిగా చెప్పాననే ఒప్పుకుంటాను. ఫార్వర్డులో సంఖ్య తప్పని గ్రూపులో రాసినప్పుడు ఒక బాబాయి దండం పెట్టాడు, నాన్న ఏమీ అనలేదు. ఆయన ముప్ఫై రెండేళ్ళు తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాడు. పద్యం ఆయనది, లెక్క నాది అనుకున్నాను. అంకెలు ఆయనవి, సంఖ్య నాది అని.

అంతా విని, "ఆ పద్యం చంపకమాల కదా, చంపకమాల ఎన్నో వృత్తమో తెలుసా?" అన్నాడు. నాకు ప్రశ్నే అర్థం కాలేదు. కాగితం తీసి న-జ-భ-జ-జ-జ-ర గణాలు విడదీసి, 21 అక్షరాలకి గురులఘువులు వేశాడు. వాటి పైన వరసగా 1, 2, 4, 8, 16 అని రాసుకుంటూ పోయాడు. లఘువుల మీదున్న సంఖ్యలన్నీ కూడి, ఒకటి కలిపాడు. 711600. "ఇరవై ఒక్క అక్షరాలతో గురువూ లఘువూ ఎన్ని రకాలుగా మారుతుందో అన్నీ వరసలో పెడితే 2097152 వస్తాయి. అందులో 711600వది చంపకమాల. దీన్ని ఉద్దిష్టం అంటారు. సంఖ్య ఇచ్చి పద్యం నడక చెప్పమంటే అది నష్టం. మా చదువులో ఇది పరీక్షకి వచ్చేది."

నేను కాగితం చూస్తూ కూచున్నాను. గురువు సున్నా, లఘువు ఒకటి. ఇరవై ఒక్క బిట్లు. మా ఆఫీసులో రోజూ చేసే పనే, ఒకటి కలపడం తప్ప.

"ఆ పైన వేసినవి ఏంటనుకున్నావు?" అన్నాడు నాన్న. "మల్లన గింజలేరా. అక్షరానికో గడి. 64 అక్షరాల పాదం ఒకటుందనుకో, అన్నీ లఘువులనుకో. ఉద్దిష్టం కట్టు."

కట్టక్కర్లేదు. అన్ని గళ్ళ మీదా గింజలు కూడడమే. 18446744073709551615, దానికి ఒకటి కలిపితే ఆ ఛందస్సులో చిట్టచివరి వృత్తం. నా సర్వర్ ఆ రాత్రి రాసింది అదే, 64 లఘువులు. దాన్ని చదవడం ఒంగోలు దగ్గర ఒక తెలుగు పండితుడికి బడిలోనే వచ్చు. మూడేళ్ళుగా ఆయన్ని నేను ఫార్వర్డులు పంపే మనిషి కిందే జమకట్టాను.

641 సంగతి మాత్రం ఆయన నమ్మలేదు. ఆ విరుపులూ శేషాల లోకమూ వద్దు, భాగించి చూస్తానన్నాడు. నేను బెంగళూరు వచ్చేశాక ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోటో వచ్చింది. పాత క్యాలెండర్ కాగితం వెనక వైపు, నిలువునా భాగహారం, అడుగున శేషం 537. కింద ఒక్క ముక్క: "నీ ఆయిలర్ తప్పు."

ల్యాప్‌టాప్ తీసి చూశాను. ఫోన్ చేసి, "నాన్నా, సంఖ్య పద్యంలోంచి తీసుకోలేదు, గ్రూపులోంచి తీసుకున్నావు" అన్నాను.

"నీకెలా తెలుసు?"

"ఆ తప్పు సంఖ్యకే 537 మిగులుతుంది."

ఫోన్ పెట్టేశాడు. గంటన్నర తర్వాత ఇంకో ఫోటో. ఈసారి పైన పద్యం పాదాలు విడగొట్టి, ఒక్కో మాట కింద ఒక్కో అంకె వేసి ఉన్నాయి. కింద భాగహారం. భాగఫలం 28778071877862015. శేషం దగ్గర సున్నా కొట్టి, పక్కన బ్రాకెట్లో 'గగన' అని రాశాడు.